కాల్ కిటికీ

చీకటి పడేలోగా ఒక మాట చెప్పాలి, తీసుకుంటున్నామని గాని, వద్దని గాని. ఆ మాట కోసమే బిల్డరు తరఫు మనిషి ప్రవీణ్, చంద్రమౌళి గారిని ఈ ఖాళీ పడకగదిలో, సున్నపు మరకల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, "ఆరామ్ సే సోచియే అంకుల్, అంధేరా పడేలోగా వచ్చేస్తా" అని మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళిన దగ్గరనుంచి ఆయన కుర్చీలోంచి లేవడం, కిటికీదాకా నడవడం, తిరిగివచ్చి కూర్చోవడం, కూర్చున్నది సరిగా కుదరలేదన్నట్టు మళ్ళీ లేవడం, ఇంతకుమించి ఆలోచన అనదగినదేదీ చేయలేదు. ఉద్యోగమంతా నిర్ణయాలతోనే గడిపిన మనిషి. బిలాస్‌పూర్ రైల్వే కంట్రోలు ఆఫీసులో హెడ్‌ఫోను తగిలించుకుని, ఏ గూడ్సును లూపులో నిలపాలో, ఏ ఎక్స్‌ప్రెస్‌ను ముందు వదలాలో అవతలి స్టేషను మాస్టరు ఊపిరి తీసుకునేలోగా తేల్చేవారు. ఆయన ఒక్క మాటతో గతౌరా స్టేషనులో బొగ్గు బళ్ళు పూటలకు పూటలు పక్కన పడి ఉండేవి. ఇప్పుడు ఒక్క ఇల్లు, మూల ఇల్లు, ఎటూ కదలక మెయిన్ లైను మీద నిలబడిపోయింది. లోపలెక్కడో నీళ్ళు పారబోసిన చప్పుడు. ఉషారాణి. ఆయన భార్య ఇల్లు చూసే పద్ధతి అది: ప్రతి గదిలోనూ గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎటు నడుస్తాయో నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తుంది. నీళ్ళు తూముకేసి వెళితే ఇల్లు మంచిది. ఎంత హాయైన పరీక్ష! తన పరీక్ష అంత తేలికది కాదు. తన పరీక్ష ఎదురుగా ఊచలతో, ఇంకా రంగు వేయని చెక్క రెక్కలతో నిలబడి ఉంది. కిటికీ అవతల సందు. సందు అవతల ప్రభుత్వం వారు పేదవాళ్ళకు కట్టి ఇచ్చిన ఆవాస్ ఇళ్ళు.

"సందుకు అడ్డంగా పెద్ద గోడ లేపేస్తాం అంకుల్, ఆవాస్ వాళ్ళు ఇటొచ్చే ఆ చిన్న గేటు బంద్ చేసేస్తాం. కాలనీలో అందరూ హా అన్నారు. మీరొక్కరే బాకీ" అన్నాడు ప్రవీణ్. సందు ఈ మూల ఇంటి స్థలంలోంచే పోతోంది కనుక, ఈ ఇంటి యజమాని వద్దంటే గోడ లేవదు, ఔనంటే వారం తిరక్కుండా లేస్తుంది. గోడ లేస్తే ఈ కిటికీకి వెలుతురు మాట ఏమిటని అడిగారు చంద్రమౌళి గారు. "కిటికీ మూసేసి ఏసీ పెట్టించుకోండి అంకుల్. వైసే భీ, ఆ వైపు చూడ్డానికి ఏముందని?" ఏముందని! ఆ ప్రశ్నకు జవాబు నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది, సిగ్నలు దొరకని బండిలాగ. ఈ కిటికీ కోసమే గదా ఈ ఇంటిదాకా వచ్చింది. ఇంతకు ముందు చూసిన రెండిళ్ళనూ, మేడ మీది వాటానూ, హేమూనగర్‌లో మామిడిచెట్టున్న ఇంటినీ, గాలి ఆడదని వద్దన్నారు. ఉషారాణి నమ్మలేదు. "గాలికేటండీ, నాలుగేపులా కిటికీలే గదా. పడగ్గది కిటికీ సందులోకి లేదు, అదీ మీ బాధ. మిమ్మల్నిప్పుడు పిలవడానికెవరొస్తారనీ?" అంది. నవ్వింది. ఆయన నవ్వలేదు. అర్థమైపోయినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

రైల్వేలో పుట్టనివాళ్ళకు ఇది విడమరిచి చెప్పినా తలకెక్కదు. ఇళ్ళల్లోకి టెలిఫోన్లు రాని కాలంలో డ్రైవర్లనూ ఫైర్‌మెన్లనూ గార్డులనూ బండి వేళకు పిలవడానికి లోకో షెడ్డు నుంచి ఒక మనిషి వచ్చేవాడు. అతన్ని కాల్‌మేన్ అనేవారు. అతను వరండా ఎక్కడు, ముందు తలుపు తట్టడు. ఇంటి పక్క సందులోకి నడిచి, పడకగది కిటికీ ఊచల మీద కర్రతో కొట్టి, "కాల్" అని ఒక్క మాటంటాడు. లోపల దీపం వెలిగేదాకా అక్కడినుంచి కదలడు. ఒట్టి మూలుగు విని వెళ్ళిపోతే పిలిపించుకున్నవాడు మళ్ళీ అటు తిరిగి పడుకుంటాడు, బండి నిలిచిపోతుంది, మాట కాల్‌మేన్ మీదికి వస్తుంది. అందుచేత ఆ రైల్వే కాలనీలో బండి మీద పనిచేసే ప్రతివాడి ఇంటికీ ఒక కాల్ కిటికీ ఉండేది. దాని కింద మంచం, మంచం పక్కన అగ్గిపెట్టె. దాని ముందు మొక్కలు నాటేవారు కారు, కర్రకు అడ్డం వస్తాయని. ఎంత డాబు ఆ కిటికీలకు! ఫలానా వారింట్లో ఎండాకాలం మధ్యాహ్నం కూడా నిద్రపోనివ్వరమ్మా, కాల్ మీద కాల్, అని ఆడవాళ్ళు విసుక్కుంటూ మురిసిపోయేవారు. చంద్రమౌళి గారి తండ్రి అమ్మన్న కాల్‌మేన్. ఆయనకు ఆ కాలనీ ఇళ్ళన్నీ ఆ ఒక్క పక్కనుంచే తెలుసు. ముందు గదుల్లో ఏముందో ఎరగడు. "ఫలానా డ్రైవరు బాబు మంచోడురా, రెక్కకి గొల్లెం పెట్టడు" అనేవాడు అన్నం తింటూ. మనిషి మంచి చెడ్డలన్నీ కిటికీ రెక్కల్లో కనబడేవి ఆయనకు. తామున్న టైప్ వన్ క్వార్టరుకు, అన్నిటికన్న చిన్నదానికి, కాల్ కిటికీ లేదు. పిలిచేవాణ్ణి పిలవడానికి ఎవరొస్తారు? బడినుంచి వస్తూ, పుస్తకాల సంచీ వీపు మీద వేసుకుని, పిల్లవాడు చంద్రమౌళి దారిపొడుగునా ప్రతి ఇంటి పక్క గోడకేసి చూసుకుంటూ నడిచేవాడు. ఇల్లంటే అదీ. గుమ్మం, వరండా, తోటా కాదు. పక్క సందులోకి ఒక కిటికీ, దాని మీద ఎవరో వచ్చి కొట్టడం. ఆ ఇంటి మనిషి లేకపోతే బండి కదలదు. అంతకన్న గొప్పతనం ఊహకు అందలేదు ఆ వయసులో, తరువాత అందిందా అంటే అదీ చెప్పలేరు.

మళ్ళీ నీళ్ళ చప్పుడు. ఈసారి వంటగదిలో. ఉషారాణికి ఆ కిటికీల సంగతి లోపలినుంచి తెలుసు. గార్డుగారి పెద్దమ్మాయి. కర్ర చప్పుడు వినగానే తండ్రికన్న ముందు తానే లేచి, లాంతరు వత్తి పైకి తీసి, కిటికీలోంచి "లేచారు మావా" అనేదట; ఆ చీకట్లో నిలబడ్డ అమ్మన్న "బంగారు తల్లీ" అని వెళ్ళిపోయేవాడట. ఆవిడ ఆ మాట చెప్పినప్పుడల్లా చంద్రమౌళి గారు పేపరు మడతపెట్టి వినేవారు. ఆవిడ తండ్రిని మాత్రం క్షమించలేకపోయారు. పెళ్ళి భోజనాల దగ్గర, విస్తళ్ళ మధ్య నిలబడి, గార్డుగారు తన స్నేహితులతో, "ఇన్నాళ్లూ తండ్రి మా కిటికీ కొట్టాడు, ఇవాళ కొడుకు మా గుమ్మం తొక్కాడు" అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. అందరికన్న గట్టిగా నవ్వినవాడు అమ్మన్న. ఆ నవ్వు చెవిలోంచి దిగదు. ఆ తరువాత భాష మార్చుకున్నారు చంద్రమౌళి గారు. నోట్లోంచి 'ఏటి' పోయి 'ఏమిటి' వచ్చింది. హిందీలో యాస రాలిపోయింది. ఆయన ఇంగ్లీషు చూసి పైవాళ్ళు ముచ్చటపడి చీఫ్ కంట్రోలరును చేశారు. కానీ కంట్రోలు ఆఫీసుది షిఫ్టుల పని. ముందే రాసిపెట్టిన వేళకు తానే లేచి, తానే గడ్డం గీసుకుని వెళ్ళాలి. డివిజనులో అన్ని బళ్ళనూ కదిలించిన మనిషిని, తలుచుకుంటే నవ్వు వస్తుంది, ఒక్కనాడైనా ఎవరూ కిటికీ కొట్టి పిలవలేదు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వెళ్ళి ప్రయోజనం లేదని తెలిసే వెళ్ళారు. ఎదురుగా మూడంతస్తుల వరుస, గులాబి రంగు వానకు కారి చారలు కట్టింది. పిట్టగోడల మీద చీరలు, నీలం డ్రమ్ములు, పెయింటు డబ్బాలో తులసి. లైను పక్క బస్తీ పడగొట్టినప్పుడు అక్కడివాళ్ళకు ఇక్కడ ఇళ్ళిచ్చారు. మస్తూరీ వైపునుంచి కూలికి వచ్చినవాళ్ళూ, తాతలనాడు శ్రీకాకుళంనుంచి ఖలాసీలుగా వచ్చి మనవల కాలానికి రైల్వేలో చోటు దొరకనివాళ్ళూ. ఎండుచేపలు వేగుతున్న వాసన. ముక్కు మూసుకోబోయిన చెయ్యి మధ్యలో ఆగింది, ఎందుకంటే నోరు ఊరింది. పై అంతస్తులోంచి ఎవరో "ఒలే గుంటా, నీల్లు పట్టినావా?" అని కేకేశారు, ఆ కేక తిన్నగా అమ్మ గొంతు, టైప్ వన్ క్వార్టరు పెరట్లోంచి. మూడు తరాలు దాటి, ఇన్ని ప్రమోషన్లు దాటి, ఇన్ని క్వార్టర్లు మారి, వచ్చి వచ్చి ఇక్కడ కూర్చోవడమా? మధ్యాహ్నం రాయపూర్ నుంచి కూతురు జ్యోతిర్మయి ఫోను. "నాన్నా, ఉస్ సైడ్ ఇల్లు వద్దు, మత్ లేనా. ఆవాస్ వాళ్ళ పక్కన రీసేల్ ఉండదు. బ్యాంకులో రోజూ దేఖ్‌తీ హూఁ కదా." ఒక వాక్యంలో ఒకే భాష వాడమని కసిరారు. చెప్పిన విషయాన్ని మాత్రం కాదనలేదు. తాను పోయాక ఇల్లు అమ్ముడవుతుందా అన్నది అందరికీ ప్రశ్నే. ఉన్నన్నాళ్ళు ఇందులో నిద్ర పడుతుందా అని అడిగినవారు లేరు. భయం ఏమిటో తనకైనా సరిగా తెలుసా? ఆ పిట్టగోడల మీదినుంచి ఏ ముసలివాడో వంగి చూసి, ఒరే, మన కాల్‌మేన్ అమ్మన్న కొడుకు కాదూ, అంటాడనా? ఎవరూ అనరనా? మొదటిది తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. రెండోది తలుచుకుంటే, అదేమిటో, కాళ్ళు చల్లబడ్డాయి. కుర్చీకి తిరిగి వచ్చి కూర్చున్నారు. గోడ ఉంటే రెండు భయాలూ అవతలే ఉంటాయి. గోడ ఉంటే కిటికీ ఉండదు. కిటికీ లేకపోతే హేమూనగర్ ఇంట్లో మామిడిచెట్టైనా ఉండేది. ఇదే పట్టాల మీద ఎన్నోసారి తిరుగుతున్నట్టు?

టక్ టక్. ఊచల మీద.

లేచి నిలబడ్డారు. ఎప్పుడు లేచారో ఆయనకు తెలియదు. కుర్చీ వెనక్కి పడింది, నోరు తెరుచుకుంది, "వస్తున్నా" అనే మాట గొంతులో తయారైంది. కిటికీ అవతల ఒక ముసలావిడ, ముక్కుకు కమ్మి, చేతిలో ఊతకర్ర. ఆ కర్రతోనే కొట్టింది. వెనక ఆస్పత్రి ఆయాల ఆకుపచ్చ చీరలో ఒకామె, కోడలు కాబోలు. ఈ ఇల్లు తీసుకుంటున్నది తమరేనా, గోడ లేపుతారా అని ముసలావిడ హిందీలో అడిగింది. ఇంకా ఏమీ నిశ్చయం కాలేదని చంద్రమౌళి గారు హిందీలోనే, రేడియోలో వార్తలు చదివేవారి హిందీలో, సెలవిచ్చారు. ఆవిడ తల ఊపి కోడలివైపు తిరిగింది.

"ఏటంతన్నాడత్తా?"

"ఏటంతాడే చిన్నతల్లీ, ఇంకా తేల్లేదంట. పెద్దోలకి ఏదీ తేలదు. గోడ మాత్తరం తెల్లారేసరికి లెగిసిపోద్ది. మరి నువ్వు డూటీకి నాలా సుట్టూ తిరిగి ఎల్లు, వానాకాలం మోకాటి నీల్లల్లో."

"మెల్లగనత్తా, ఇంటాడు."

"ఇంటే ఏటి? మన బాసొచ్చేటి ఈడికి? సూడు ఆ వాటం, కోటు తొడిగిన కొయ్యబొమ్మ లాగున్నాడు. ఒక్కడూ ఖాళీ గదిలో కూకున్నాడంటే ఇంట్లోంచి తోలేసుంటాది పెళ్ళాం." చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ రెండడుగులు వేసి, మళ్ళీ ఒకసారి కిటికీలోకి చూసి, గొంతు తగ్గించకుండానే అంది: "పాపం, పెద్దోడే. గోడ కట్టుకుంతాడు, సరే. రేపీ గదిలో కాలు జారి పడితే కేక ఎవులికినిపిస్తాది? మనకే గదా. గోడొస్తే మనకీ ఇనిపించదు."

వెళ్ళిపోయారు. కర్ర చప్పుడు సందు పొడుగునా వెళ్ళి, ఎదుటి వరుసలో కింది వాటా గుమ్మం దగ్గర ఆగింది. చంద్రమౌళి గారు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. కొయ్యబొమ్మట. తెలుగులో ఒక్క మాట అని ఉంటే మొహం ఎలా మారిపోయి ఉండేదో! అనలేదు. ఏ తెలుగులో అనాలి? దిద్దుకున్న తెలుగులోనా? ఆ తెలుగులో అయితే హిందీకీ దానికీ తేడా ఏముంది? కొట్టింది. ఊచల మీద కొట్టింది. ఈ జన్మకు తన కిటికీ మీద పడిన మొదటి కర్ర అది, ఒక ఆవాస్ ముసలిదాని ఊతకర్ర, తాను దీపం వెలిగించలేదు. పిలిచినవాళ్ళు కదలకుండా నిలబడవలసింది, నిలబడలేదు. లేవవలసినవాడు లేచాడు, కాని లేచినట్టు చెప్పలేదు. అన్నీ తలకిందులు. గదిలో నాలుగు మూలలకూ నడిచారు. కుర్చీ ఎత్తి నిలబెట్టారు. మళ్ళీ జరిపారు. బొగ్గు బండి ఒకటి గతౌరా వైపునుంచి వస్తూ గచ్చు కింద సన్నగా వణికింది, ఆగకుండా పోయింది. ప్రవీణ్ వచ్చేస్తాడు. కిటికీని బయటినుంచి చూడలేదని హఠాత్తుగా తోచింది. ఇంట్లో ప్రతి గదినీ, ప్రతి తలుపునూ, మీటరు పెట్టెనూ చూశారు. కిటికీని అవతలినుంచి చూడలేదు. గొడుగు తీసుకుని పెరటి తలుపువైపు నడిచారు. స్నానాలగదిలో ఉషారాణి వంగి నీళ్ళను గమనిస్తోంది.

"ఎక్కడికండీ?"

"కిటికీ చూసి వస్తాను."

"లోపల్నించి సరిపోలేదేటి?" అంది తల ఎత్తకుండా.

చిన్న గేటు తోసుకుని సందులోకి దిగారు. చీకటి కాలేదు, వెలుతురు మాత్రం వెళ్ళిపోయింది. బయటినుంచి కిటికీ అనుకున్నదానికన్న కింద ఉంది, ఛాతీ ఎత్తున. ఊచలకు అవతల గది నల్లగా కనబడింది, మధ్యలో ఖాళీ కుర్చీ తెల్లగా. అంతే. ముందు గది కనబడదు, వంటిల్లు కనబడదు, ఎంత డాబైన ఇల్లో, ఏ పాలరాయో, ఏమీ తెలియదు. నాన్నకు తెలిసిన ఇల్లు ఇది. ఎండలో, వానలో, ఊరంతా పడుకున్నాక, ఇంత మేరకే. ఇక్కడ నిలబడి మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ తేల్చుకున్నాడు. ఇక్కడ నిలబడి గార్డుగారి పిల్ల గొంతు విని సంతోషించాడు. విస్తళ్ళ మధ్య అంత గట్టిగా నవ్వినవాడు, ఒకవేళ నిజంగానే నవ్వు వచ్చి నవ్వాడేమో, కిటికీ కొట్టిన చెయ్యే తన కొడుక్కి గుమ్మం తెరిచిందని. ఈ సంగతి ఇన్నేళ్ళు తనకు తోచలేదేం? గొడుగు పైకి లేచింది. తానే ఎత్తారు. రెండు దెబ్బలు తేలికగా, మూడోది బరువుగా, అమ్మన్న కొట్టినట్టు. తరువాత ఆ మాట. అది ఆయన గొంతులోంచి రాలేదు. దిద్దని గొంతులోంచి, పొడిగా, సాగదీసి వచ్చింది.

"కా...ల్."

లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. దీపం వెలగలేదు. ఉషారాణి మోకాళ్ళకు స్నానాలగది దూరం. చంద్రమౌళి గారు కదలలేదు.

"ఓలమ్మో! సొంత ఇల్లు బయట నిలబడి కొట్టుకుంతన్నాడేటే ఈ బాబు?" ఎదుటి గుమ్మంలోంచి ముసలావిడ.

"ఒక నిమిషం ఆగమ్మా, దీపం వెలగనీ" అన్నారాయన, తిరగకుండా.

చిన్నతల్లి నవ్వు, మొదట కొంగులో, తరువాత బాహాటంగా. "సచ్చినాం అత్తా, తెలుగోలే!"

"అయితే ఇందాకటి నా మాటలన్నీ ఇన్నావేటి బాబూ?"

"విన్నాను."

"ఇంటే ఇన్నావులే" అంది అప్పయమ్మ (పేరు తరువాత తెలిసింది), ఏ మాత్రం తొణక్కుండా. "అన్నీ నిజిమే గదా. నీ పెళ్ళాం తోలేసింది, బయటున్నావు."

మోటారు సైకిలు దీపం సందు మలుపు తిరిగి, గోడల మీద పాకి, ఆయన వీపు మీద ఆగింది. ప్రవీణ్ బండి దిగకుండానే, "క్యా సోచా అంకుల్? గోడకు రేపు పొద్దున్న మనుషుల్ని పిలవమంటారా?" అని అడిగాడు. చంద్రమౌళి గారు వెనక్కి చూడకుండా అరచెయ్యి ఎత్తి ఆపమన్నట్టు పట్టారు, అవుటరు సిగ్నలు దగ్గర బండిని ఆపినట్టు. లోపల చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి గోడను తడిమింది. మేస్త్రీలు వేలాడదీసిన బల్బు ఒక్కసారి వెలిగి, కుర్చీ, సున్నపు మరకలు, గది నాలుగు మూలలు కనబడ్డాయి. ఊచల దగ్గర తడి చేతులతో ఉషారాణి. ఏదో అనబోయి ఆయన మొహం చూసింది. గొడుగు చూసింది. నవ్వలేదు.

"లేచారు మావా" అంది.

అప్పుడు చంద్రమౌళి గారు వెనక్కి తిరిగారు. గొడుగును చంకలో సరిచేసుకున్నారు. గొంతు సవరించుకుంటే మళ్ళీ తన గొంతే వచ్చింది, కంట్రోలు ఆఫీసు గొంతు.

"గోడ లేదు ప్రవీణ్. గేటుకు తాళం కూడా వద్దు. మిగతావారికి ఏమి చెప్పుకుంటావో చెప్పుకో."

"ఔర్ ఘర్, అంకుల్?"

"తీసుకుంటున్నాం. తోటవాడికి చెప్పు, ఈ కిటికీ ముందు మాత్రం మొక్కలు నాటకూడదు."